ఝూ రోంగ్జీయును నాన్లింగు గిడ్డంగులును

ఈ నడుమ మన పట్టణములలోని పఠనమందిరములయందు చీనాదేశమును గూర్చిన ప్రశంస తఱచుగ వినవచ్చుచున్నది. ఒకరు అచ్చటి రైలుబండ్ల వేగమును వర్ణింతురు. మఱియొకరు అచ్చటి కర్మాగారముల లెక్క చెప్పుదురు. తుదకు అందఱును ఒక్కమాటకే వత్తురు: "మనకును అట్టి గట్టివాడొకడు దొరికిన బాగుండును" అని. ఈ కోరికను మేము పరిహసింపము. ఒక్క కాగితమునకై కచేరీ గుమ్మమువద్ద పదిమాఱులు నిలిచినవాని నోట ఆ మాట వెడలుట సహజమే. అయితే గట్టివాడు వచ్చిన పిమ్మట ఏమి జరుగునో తెలిసికొనుటకు మనము ఊహాగానములు చేయనక్కఱలేదు. చీనాలోనే అట్టివాడొకడు వచ్చెను. అయిదేండ్లు ప్రధానమంత్రిత్వము నెరపెను. 2003 మార్చిలో అధికారమును విడిచి యింటికి బోయెను. ఆయన పేరు ఝూ రోంగ్జీ. గట్టివారిలో ఆయనకంటె మంచివానిని చూపుట కష్టము. కనుకనే ఆయన చరిత్రమును మేము పరీక్షకు దీసికొనుచున్నాము. దుష్టుడగు ప్రభువును జూపి నిరంకుశత్వమును ఖండించుట సులభము. అందువలన వాదమునకు బలము చేకూరదు.

ఆయన 1928లో హునాన్ రాష్ట్రమునందలి ఛాంగ్షా పట్టణమున జన్మించెను. పుట్టుటకు పూర్వమే తండ్రి గతించెను. బాల్యముననే తల్లియు గతించెను. పెదతండ్రి యింట పెరిగెను. బీజింగులోని చింగ్హువా విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛక్తి శాస్త్రమభ్యసించి 1951లో పట్టము నొంది, దేశ ప్రణాళికా సంఘమున ఉద్యోగి యయ్యెను. 1957లో, అధికారులందఱును తమ విమర్శలను నిర్భయముగ వెల్లడింపవచ్చునని పక్షనాయకులు పిలువగా ఈ యువకుడు ఆ పిలుపును నిజమని నమ్మెను. ఉత్పత్తి లక్ష్యములు మితిమీఱి యున్నవని పలికెను. పలికిన ఫలము 1958లో దక్కెను: "మితవాది" యను ముద్ర పడినది, కమ్యూనిస్టు పక్షమునుండి బహిష్కారము గలిగినది. ఆయన చెప్పిన మాట నిజమని ఆ వెనువెంటనే వచ్చిన మహాక్షామము ఋజువు చేసెను. అయినను ముద్ర తొలగలేదు. సాంస్కృతిక విప్లవ కాలమున, 1970 మొదలు 1975 వఱకు, పొలములలో శారీరక శ్రమకు పంపబడెను. మావో మరణానంతరమునగాని ఆయనకు పక్షసభ్యత్వము తిరిగి రాలేదు. అప్పటికి ఆయన వయస్సు ఏబదియేండ్లు. మనిషి జీవితమున సారవంతములగు ఇరువది వత్సరములు ఒక్క నిజమైన మాటకై చెల్లింపబడినవి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను; ముందు దీనితో పని గలదు.

1988లో ఆయన షాంఘై నగరాధ్యక్షుడయ్యెను. విదేశీ వ్యాపారి యొకడు అచ్చట కర్మాగారము పెట్టదలచినచో లెక్కలేనన్ని కార్యాలయముల ముద్రలు సంపాదింపవలసి యుండెను. ఝూ వాని నన్నిటిని ఒక్క కార్యాలయమునకు దెచ్చెను. అందుచే ఆయనకు "ఒక్కముద్ర ఝూ" అను పేరు వచ్చినది. మఱుసటి సంవత్సరము జూన్ మాసమున బీజింగులో సైన్యము విద్యార్థులపై కాల్పులు జరిపినప్పుడు షాంఘై వీథులును జనసమ్మర్దముతో నిండియుండెను. ఝూ జూన్ 8వ తేదీన దూరదర్శనమున బ్రసంగించి, తాను సైన్యమును పిలువనని మాట యిచ్చెను. బీజింగులో జరిగినది చరిత్రయనియు, చరిత్రను ఎవరును దాచజాలరనియు, నిజము ఎన్నటికైన వెలువడుననియు పలికెను. సైన్యము రాలేదు. నగరమునకు గొప్ప రక్తపాతము తప్పెను. కాని అదే మాసమున, జనులపైకి దూసికొనివచ్చి ఆరుగురిని చంపిన రైలుబండిని తగులబెట్టిరను నేరమునకు ముగ్గురు మనుష్యులు ఆ నగరముననే మరణదండన నొందిరి. ఆయనను కొనియాడువారు మొదటిది చెప్పి రెండవది విడుతురు. నిందించువారు రెండవది చెప్పి మొదటిది విడుతురు. రెండును జరిగినవే.

అటుపిమ్మట ఆయన యున్నతి వేగముగ సాగినది. 1991లో ఉపప్రధాని యయ్యెను. ఆర్థికశాస్త్రము తెలిసినవాడని డెంగ్ జియావోపింగు ఆయనను మెచ్చుకొనెను. 1993లో దేశమున ధరలు మండిపోవుచుండగా కేంద్రబ్యాంకు అధ్యక్షతను సయితము తానే వహించి, రాష్ట్రముల బ్యాంకులు పక్షపెద్దల చీటీలకు ఋణములిచ్చు నాచారమును అరికట్టెను. 1994లో ధరల పెరుగుదల నూటికి 24 వంతులు; 1997 నాటికి మూడు వంతులకు లోబడెను. ఉత్పత్తి కుప్పగూలలేదు. ఇట్టి కార్యము ఏ దేశపు ఆర్థికమంత్రి చేసినను ఆతని విగ్రహము నిలుపుదురు. దీనిని గూర్చి మేము వాదింపము.

పన్నుల విషయము వేఱు. ఇచ్చట కొంచెము నిలువవలెను, ఏలయన దేశమును నడపుట యనగా తుదకు ఎవరి సంచిలోని డబ్బు ఎవరి సంచిలోనికి పోవుచున్నది యను ప్రశ్నయే. 1980వ దశకమున చీనా రాష్ట్రములు కేంద్రముతో గుత్తకు ఒప్పందములు చేసికొని, వసూళ్లలో హెచ్చుభాగమును తమకడనే నిలుపుకొనుచుండెను. 1993 నాటికి దేశపు మొత్తము రాబడిలో కేంద్రమునకు చేరినది నూటికి 22 వంతులు మాత్రమే. కేంద్రమునకు రాష్ట్రములు ఋణమిచ్చు స్థితి వచ్చినది. ఝూ ఆ సంవత్సరపు శరత్కాలమున తన పరివారముతో రాష్ట్రము వెంట రాష్ట్రము తిరిగెను. ప్రతి చోటను బేరము, ప్రతి చోటను మొగమోటము లేని వాగ్వాదము. ధనికమగు గ్వాంగ్‌డాంగు రాష్ట్రము, "మా పాతరాబడిని లెక్కించుటకు 1992ను గాక 1993నే ఆధారముగ గొన్నచో ఒప్పుకొందుము" అనెను. ఝూ అంగీకరించెను. ఇక చూడవలెను చిత్రము! ఆధారసంవత్సరము ముగియుటకు ఇంకను కొన్ని నెలలుండెను గదా. అన్ని రాష్ట్రములును పాతబాకీలను తవ్వి, రాబోవు పన్నులను ముందుగనే లాగి, ఆ సంవత్సరపు తుదినెలలలో కని విని యెఱుగనంత వసూలు చేసినవి. ఇంతకు పూర్వము పన్ను రాదు రాదని మొఱపెట్టిన అధికారులే వీరు.

1994 జనవరి 1వ తేదీన నూతన పద్ధతి అమలునకు వచ్చినది. వ్యాటు పన్నులో నూటికి 75 వంతులు కేంద్రమునకు, 25 వంతులు స్థానిక ప్రభుత్వములకు అని నిర్ణయమయ్యెను. ఆ ఒక్క యేటనే మొత్తము రాబడిలో కేంద్రభాగము 22 నుండి 55 వంతులు దాటెను. యుద్ధము లేకుండ, రాష్ట్రము విడిపోకుండ ఇంతటి మార్పును సాధించిన రాజనీతిజ్ఞులు అరుదు. కాని రాబడి పైకి పోయినను ఖర్చు పైకి పోలేదు. ఉపాధ్యాయుని జీతము, గ్రామవైద్యుని జీతము, వృద్ధుల పోషణ, రహదారి మరమ్మతు ఇవన్నియు వెనుకటివలెనే క్రిందివారి మీదనే నిలిచినవి. దేశపు వ్యయములో నూటికి 70 వంతులు స్థానిక ప్రభుత్వములే భరించుచుండెను. కేంద్రము తిరిగి యిచ్చిన ధనము రాష్ట్రముకడ కొంత, జిల్లాకడ కొంత ఆగి, తుదిమెట్టునగల మండలమునకు తడియారిన కాలువవలె చేరెను. మండలపు టధికారి ఏమి చేయును? ఆతనికి పైవానిని అడుగు ధైర్యము లేదు. క్రిందివానిని అడుగుటకు ధైర్యముతో పనియే లేదు. భూమిశిస్తునకు తోడు గ్రామము క్రింద మూడు వసూళ్లు, మండలము క్రింద అయిదు వసూళ్లు, అవి చాలక బడికని, బాటకని, పందిని కోసినందుకని వేఱువేఱు రుసుములు రైతుపై బడినవి. బీజింగులో పెట్టె నిండినది. దాని బరువు పల్లెటూరి మెడమీద దిగినది. ఈ ఫలమును ఝూ కోరలేదు, మాట నిజమే. అయినను పద్ధతిని నిర్ణయించిన సభలలో ఆ రైతు పక్షమున మాటాడువాడు ఒక్కడును లేడు.

1998 మార్చిలో ఆయన ప్రధానమంత్రి యయ్యెను. పదవి చేపట్టిన దినమున విలేఖరుల యెదుట, ముందు భూమిలో పాతిన ప్రేలుడు పదార్థములున్నను, అగాధమే యున్నను తాను వెనుదిరుగక తుదిశ్వాస వఱకు పోవుదునని పలికెను. ఆ మాటలకు దేశమంతయు పులకించెను. లంచగొండులకై నూఱు శవపేటికలు సిద్ధపఱచి, అందొకటి తనకును ఉంచుడని చెప్పెనని జనులు నేటికిని చెప్పుకొందురు. అది నిజమైనను, కల్పనయైనను, జనుల కట్టి నాయకునిపై గల మోజును తెలుపుచున్నది. ఆయన మాటలతో నిలువలేదు. 40 మంత్రిత్వశాఖలను 29కి దించెను. కేంద్ర కార్యాలయముల ఉద్యోగులను సగమునకు తగ్గించుటకు పూనుకొనెను. సైన్యము నడపుచున్న హోటళ్లను, వ్యాపారసంస్థలను సైన్యముచేతినుండి తప్పించు ఆజ్ఞ ఆ యేటనే వెలువడినది. తూర్పు ఆసియా దేశముల నాణెములన్నియు పడిపోవుచుండగా చీనా నాణెము విలువను తగ్గింపనని పట్టుబట్టి నిలిచి, పొరుగుదేశములను మఱింత పతనమునుండి కాపాడెను. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరుటకై 1999 ఏప్రిలులో వాషింగ్టనుకు బోయి గొప్ప రాయితీలొసగగా, అమెరికా యధ్యక్షుడు క్లింటన్ వానిని కాదని ఆయనను రిక్తహస్తములతో బంపెను. పైగా ఆ రాయితీల పట్టికను అమెరికావారు లోకమునకు బయలుపెట్టిరి. స్వదేశమున ద్రోహియను నింద సయితము పడి, నవంబరులో మరల బేరమాడి ఒడంబడిక గుదుర్చుకొనెను. 2001 డిసెంబరు 11న చీనా ఆ సంస్థలో చేరినది. నేటి చీనా కర్మాగారముల విజృంభణమునకు ఆ దినమే వాకిలి. ఆ మఱుసటి నెలలోనే, అనగా 2002 జనవరిలో, ఆయన మన దేశమునకు వచ్చి ఢిల్లీ, ఆగ్రా, ముంబయి, బెంగుళూరు నగరములను దర్శించెను. ఆ రాకలోనే వర్షకాలమున బ్రహ్మపుత్ర నీటిమట్టపు వివరములను మనకు తెలుపుటకు ఒప్పందమైనది.

ఇవి గొప్ప కార్యములు. వీని మూల్యమును చెల్లించినవారెవరు?

ప్రభుత్వ కర్మాగారములు నష్టములలో మునిగియుండెను. బ్యాంకులు వానికిచ్చిన అప్పులు తిరిగి రాలేదు. అట్టి మొండిబాకీలలో 1 లక్షా 40 వేల కోట్ల యువానులను 1999-2000లో నాలుగు ప్రత్యేక సంస్థలకు బదలాయింపవలసి వచ్చెననిన, వ్రణము లోతు తెలియును. ఝూ నిర్ణయించిన చికిత్స ఇది: పెద్దవానిని నిలుపుకొనవలెను, చిన్నవానిని వదలుకొనవలెను, అవసరమునకు మించిన కూలీలను తొలగింపవలెను. 1998 మొదలు 2003 వఱకు ప్రభుత్వ సంస్థలలో తొలగింపబడిన పనివారు 2 కోట్ల 80 లక్షలకు పైబడిరని ప్రభుత్వమే ప్రకటించినది. ఈ యంకెను చదివి ముందునకు బోవుట సులభము. కర్మాగారము చీనాకూలికి జీతమొక్కటే యిచ్చునది గాదు. ఇల్లు అదియే, వైద్యశాల అదియే, పిల్లల బడి అదియే, వార్ధక్యమున పింఛను అదియే. దానిని వారు ఇనుపగిన్నె యనిరి, పగులదని నమ్మి. ఈశాన్యమున షెన్యాంగు నగరములోని తియెషీ పేటలో పొగగొట్టము వెంట పొగగొట్టము చల్లబడినది.

తొలగింపబడినవారిలో నలుబదియేండ్లు దాటిన స్త్రీలు, ఏబదియేండ్లు దాటిన పురుషులు హెచ్చు యాతనపడిరి. వీరు ఎవరో చూడుడు. 1966లో బడులు మూయబడినప్పుడు చదువు పోగొట్టుకొన్నది వీరే. నాగలి పట్టుడని పల్లెలకు తోలబడినదియు వీరే. తిరిగివచ్చి యంత్రములకడ ఇరువది యేండ్లు పనిచేసి, ఇప్పుడు, చదువు లేదు గనుక క్రొత్త పనికి తగరని చెప్పబడినదియు వీరే. ఝూ రోంగ్జీకి యౌవనము పోగొట్టిన పాపమే వీరికిని యౌవనము పోగొట్టినది. ఆయనకు తిరిగి పిలుపు వచ్చెను, వీరికి రాలేదు. ఆయన వారి విషయమున నిర్దయుడని మేము చెప్పము. మూడేండ్ల వఱకు జీవనభృతి యిచ్చుటకు, క్రొత్తపని చూపుటకు కేంద్రములను నెలకొల్పించెను. ఆ భృతి సకాలమున చేరుచున్నదా యని పదేపదే అడిగెను. కాని పలుచోట్ల చేరలేదు. 2002 మార్చిలో లియావోయాంగు పట్టణమున లోహ కర్మాగారపు పనివారు బకాయి జీతములకై, పింఛనులకై వీథిలోనికి వచ్చిరి. కర్మాగారమును లంచగొండి యధికారులు దివాలా తీయించిరని వారి యారోపణము. లంచగొండులను తుదముట్టింతునన్న ప్రధాని పరిపాలనముననే ఆ పనివారి నాయకులిద్దఱు బంధింపబడి, మఱుసటి సంవత్సరము కారాగారశిక్ష నొందిరి. వారు చేసిన తప్పు, ప్రధాని చెప్పిన మాటనే ప్రధాని యనుమతి లేక చెప్పుట.

ఇక నాన్లింగు సంగతి. ఇది చిన్న కథ. కాని మా దృష్టిలో పైవాని నన్నిటికంటె ముఖ్యమైనది.

1998లో ఝూ ధాన్యము విషయమై నూతన విధానము నేర్పఱచెను. రైతు అమ్మజూపిన ధాన్యము నంతయు ప్రభుత్వ గిడ్డంగులు కనీసపు ధరకు కొనవలెను. వర్తకుడు రైతువద్ద నేరుగ కొనరాదు. గిడ్డంగి నష్టమునకు అమ్మరాదు. కాగితముమీద ఇది రైతునకు రక్ష. ఇది ఎట్లు నడచుచున్నదో చూచుటకై ఆ సంవత్సరము మేనెలలో ఆయన ఆన్‌హుయి రాష్ట్రమునకు వెడలెను. నాన్లింగు జిల్లాలో ఆయనకు చూపదలచిన గిడ్డంగి ఖాళీగ నుండెను. చెన్ గ్విడి, వూ చున్‌తావో యను దంపతులు చీనా రైతుల స్థితిని పరిశోధించి వ్రాసిన గ్రంథమున ఈ వృత్తాంతమున్నది. అధికారులు ఇతర గిడ్డంగులనుండి ధాన్యమును లారీలతో తెప్పించి నింపిరి. ప్రధాని వచ్చెను, గుట్టలుగ నున్న ధాన్యమును చూచెను, విధానము చక్కగ నడచుచున్నదని నమ్మి తృప్తితో మరలెను. ధాన్యము వచ్చిన లారీలలోనే వెనుకకు పోయెను.

మన పెద్దలు చెప్పుదురు, రాజుగారు వచ్చు బాటయే నున్నగ నుండునని. అయితే మోసపోయినవాడు మెత్తని రాజు గాడు. ఆయన దృష్టి తగిలిననే అధికారులు వణకిరి. సంఖ్యలలో ఆయనకు మించిన ప్రవీణుడు ఆ ప్రభుత్వమున లేడు. ఆ యేటి ఆగష్టులో యాంగ్ట్సీ నది పొంగి జియుజియాంగు కడ కట్ట తెగినప్పుడు, లోపల ఇనుము లేక కట్టిన ఆ గోడను చూచి, ఇది కట్ట గాదు, సోయాపిండి పిప్పి యని అక్కడనే గర్జించిన మనిషి. అట్టివానికి ఖాళీ గిడ్డంగి నిండుగ గన్పడినది. ఏలయన ఆయన కోపమునకు భయపడినవారే ఆయనకు అబద్ధము చెప్పుటకు హెచ్చు పూనుకొనిరి. కోపము పెరిగినకొలది లారీలు పెరిగినవి. ఆ గిడ్డంగి ఖాళీగ నున్నదని ఎఱిగినవారు ఆ ప్రాంతమున వేలకొలది యుందురు: ధాన్యము మోసిన హమాలీ యెఱుగును, లారీ నడపినవాడెఱుగును, చుట్టుప్రక్కల రైతులెఱుగుదురు. అందొక్కడును ప్రధానితో మాట చెప్పు మార్గము లేదు. చెప్పిన యెడల మఱునాటినుండి ఆ జిల్లాలో బ్రదుకు మార్గమును లేదు. అచ్చట జిల్లా పత్రిక యున్నది, అది జిల్లా అధికారులది. జిల్లా ప్రతినిధిసభ యున్నది, అదియు వారిదే.

ఈ లోపమును ఝూ ఎఱుగకపోలేదు. ఆయనయం దిదియే విషాదము. అదే సంవత్సరము అక్టోబరులో, అక్రమములను బయలుపెట్టు ఒక దూరదర్శన కార్యక్రమపు కార్యాలయమునకు స్వయముగ వెళ్లి, పత్రికలు ప్రభుత్వమునకు అద్దమువంటివని ప్రశంసించెను. 2001లో లెక్కలు నేర్పు జాతీయ విద్యాలయమునకు శిలాఫలకముపై ఏదైన వ్రాసియిమ్మని కోరగా, అట్టి వ్రాతలు వ్రాయనను తన నియమమును సడలించి, "దొంగలెక్కలు వ్రాయరాదు" అను నర్థము నిచ్చు నాలుగక్షరములు వ్రాసియిచ్చెను. ఒక దేశపు ప్రధాని తన చేతివ్రాతతో చెక్కింపదగిన ధర్మము మఱేదియు లేకపోయెనా యని ఆశ్చర్యము గలుగును. అద్దము కావలెనని ఆయన కోరెను. దానిని పట్టుకొను చేయి మాత్రము ప్రభుత్వపు చేయియే కావలెనని ఆయన పక్షము కోరెను. ఆయన దానిని కాదనలేదు. 1957లో పిలుపు నమ్మి నిజము పలికి శిక్షపడిన మనుష్యుడు, నిజము పలుకువానికి శిక్షపడని ఏర్పాటును గూర్చి అయిదేండ్ల ప్రధానిత్వములో ఒక్క శాసనమును చేయలేదు.

ఒక్క ఉత్తరము మాత్రము ఆయనకు చేరినది. 2000 మార్చిలో హుబే రాష్ట్రము జియాన్లి జిల్లాలోని ఒక మండలపు పక్షకార్యదర్శి లీ ఛాంగ్‌పింగు ఆయనకు నేరుగ వ్రాసెను. రైతు దుఃఖము నిజముగ దుర్భరమైనదనియు, పల్లె నిజముగ దరిద్రమైనదనియు, వ్యవసాయము నిజముగ అపాయములో నున్నదనియు ఆ జాబు సారాంశము. పన్నులు కట్టజాలక పొలములను విడిచి పల్లెవారు వలసపోవుచున్న తీరును అందు వివరించెను. మండలాధికారియే సాక్షి యైనప్పుడు సంశయమేమున్నది? ఝూ దానిని చదివి చలించెను. విచారణకు మనుష్యులను పంపెను. జియాన్లిలో కొంత సంస్కారము జరిగెను. కాని విచారించువారు తిరిగిపోయిన పిదప లీ ఛాంగ్‌పింగు ఆ జిల్లాలో నిలువజాలక, ఆ సంవత్సరముననే ఉద్యోగము విడిచి దక్షిణమునకు, షెన్‌జెన్ పట్టణమునకు బోయెను. దేశమున ప్రధానియే మెచ్చిన మనిషికి తన మండలములో చోటు లేకపోయెను. ప్రధాని చేయి చాల పొడుగైనది. దానిని ప్రతి మండలమునను నిత్యము ఉంచుట సాధ్యము గాదు.

ఇచ్చట మిత్రులు మమ్మడుగవచ్చును: "ఓట్లకై కాచుకొని యుండిన యెడల ఝూ ఇందులో ఒక్కటియు చేయకపోవును గదా? కూలీల నడిగినచో కర్మాగారమును మూయనిత్తురా? రాష్ట్రముల నడిగినచో పన్ను విడుతురా?" ఈ ప్రశ్న తేలికైనది గాదు. కొన్ని పనులు ఆలస్యమగు ననుట నిజము. కొన్ని అసలు జరుగకపోవు ననుటయు నిజము కావచ్చును. మన దేశమున నష్టమునకు నడచు సంస్థలను తలచుకొన్నచో మేము దీనిని కాదనజాలము. కాని రాష్ట్రముల నాయన అడిగెను గదా! పదుల రాష్ట్రములు తిరిగి, బేరమాడి, గ్వాంగ్‌డాంగునకు లొంగి, పాతరాబడికి లోపము రానీయనని మాటయిచ్చి పన్నుల మార్పును సాధించెను. బలముగలవానితో సంప్రదింపులు చేయుటకు ఆయనకు ఓపిక యుండెను, కాలము నుండెను. రాష్ట్రాధిపతికి దక్కిన ఆ కూర్చుండుపీట షెన్యాంగు కూలికి, ఆన్‌హుయి రైతునకు దక్కలేదు. కావున, చీనాలో పనులు త్వరగా జరిగినది ఎవరిని అడుగకుండుటచేత ననుట సరికాదు. బలహీనుని మాత్రము అడుగలేదు.

ఆయన పోయిన తరువాత ఆయన కట్టినవానిలో ఏవి నిలిచినవో, ఏవి వంగినవో చూచినను ఇదియే గోచరించును. వాణిజ్యము నిలిచినది, కేంద్రపు పెట్టె నిలిచినది. లంచగొండులపై దండయాత్ర ఆయనతోనే సన్నగిల్లినది. రైతుపై శిస్తు 2006 జనవరి 1 నుండి పూర్తిగ రద్దయినది. అది తరువాతి ప్రధాని వెన్ జియాబావో కాలమునాటి మాట, గొప్ప మేలు. కాని రుసుములు పోయిన స్థానిక ప్రభుత్వములు రాబడికై భూమిమీద పడినవి: రైతువద్ద భూమిని చౌకగ గైకొనుట, ఇండ్లు గట్టు వర్తకునికి ప్రియముగ నమ్ముట. ఇండ్లను కర్మాగారములు పంచియిచ్చు పద్ధతిని 1998లో నిలిపివేయించినది ఝూయే గనుక ఆ వర్తకమునకు దారి తెఱచినదియు ఆయనయే. ఆ మేడల వర్తకము ఎంత యెత్తునకు బోయి యెట్లు కూలినదో, 30 వేల కోట్ల డాలర్లకు మించిన ఋణముతో మునిగి, 2024 జనవరిలో హాంకాంగు న్యాయస్థానముచే మూతకు ఆజ్ఞాపింపబడిన ఎవర్‌గ్రాండ్ సంస్థను గూర్చి చదివినవారికి మేము చెప్పనక్కఱలేదు.

పదవి విడిచిన పిమ్మట ఆయన నడచుకొన్న తీరు శ్లాఘనీయము. తెరవెనుకనుండి పెత్తనము చేయలేదు. చీనా నాటకసంగీతము వినుచు, తంత్రీవాద్యము వాయించుచు కాలము గడపెను. తన ప్రసంగములను, విలేఖరుల కిచ్చిన సమాధానములను సంపుటములుగ ప్రకటించి, వాని రాబడిని బీదవిద్యార్థుల చదువునకై యొక నిధికి ధారవోసెను. 2011లో తన పాత విశ్వవిద్యాలయమునకు వెళ్లినప్పుడు, పన్నుల విభజనవలన స్థానిక ప్రభుత్వములు బీదపడినవను వాదమును తిరస్కరించెననియు, ఇండ్లస్థలముల ధనమునంతయు లెక్కలలో చేర్పక వారికే విడుచుట తప్పుగ జరిగినదనియు, అది ప్రజల మజ్జను పిండుటయే యనియు పలికెననియు పత్రికలు వ్రాసినవి. ఎనుబదిరెండేండ్ల ముదుసలి, పదవి లేనివాడు, అయినను మాటలో పదును తగ్గలేదు. అయితే ఆ మాట చీనా పత్రికలకంటె హాంకాంగు పత్రికలలోనే హెచ్చుగ గన్పట్టినది.

నాన్లింగు గిడ్డంగుల గుట్టు బయలుపెట్టిన దంపతుల గ్రంథము, ఆయన గద్దె దిగిన పది మాసములకు, 2004 జనవరిలో బీజింగులో వెలువడినది. జనులు ఎగబడి కొనిరి. మార్చి నెలలో దాని విక్రయము నిలిపివేయబడెను.